ఎంటర్‌టైన్‌మెంట్ టునైట్: వార్తలకు రెండు మార్కులు, యాంకర్లకు నాలుగున్నర

అమెరికావాళ్ల సినిమా వార్తల షో 'ఎంటర్‌టైన్‌మెంట్ టునైట్' గురించి రాసేముందు ఒక మాట. స్క్రీన్ మూలన కనిపించే ఈటీ అనే రెండక్షరాలకూ మన ఈటీవీకీ ఏ చుట్టరికమూ లేదు. హన్మకొండలో మా మిక్సింగ్ యూనిట్‌కు పెళ్లి వీడియో కరెక్షన్ల కోసం వచ్చినవాళ్లు పక్క మానిటర్‌లో అది చూసి "రామోజీ ఫిలిం సిటీల తీసిన్రా అన్నా?" అని అడుగుతుంటారు. కాదు. ఇది లాస్ ఏంజెలెస్ సరుకు. 1981 సెప్టెంబర్ 14న మొదలై ఇప్పటికీ నడుస్తోంది. టీవీలో ఎక్కువ కాలం నడిచిన వినోద వార్తల కార్యక్రమంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఎడిట్ చేసిన వీడియో పూర్తి ఫైలుగా తయారవడానికి రెండర్ పెట్టి కూర్చున్న రాత్రుళ్లు నేను యూట్యూబ్‌లో చూసేది దీన్నే. పైసా ఖర్చు లేదు, మధ్యలో యాడ్స్ భరించాలంతే. ఐదుకు ఎంతిస్తావంటే రెండు మార్కుల షీట్లు వేయాల్సి వస్తుంది. వార్తల కోసం చూస్తే రెండుకు మించి ఇవ్వలేను. యాంకర్ల కోసం, వాళ్లను ఏళ్ల తరబడి అదే కుర్చీలో నిలబెట్టిన పద్ధతి కోసం చూస్తే నాలుగున్నర. ఆ అరమార్కు ఎందుకు కోశానో తర్వాత చెప్తాను.

నాకు దీంతో ఏం పని అంటారా? పెళ్లి వీడియోల్లోకి దిగకముందు నేను ఇక్కడే ఒక లోకల్ కేబుల్ ఛానల్‌లో ఆదివారం సాయంత్రం సినిమా ప్రోగ్రామ్ చేసేవాణ్ని. కెమెరా నేనే, స్క్రిప్ట్ నేనే, ఎడిటింగ్ నేనే. యాంకర్ మాత్రం డిగ్రీ చదివే ఒక అమ్మాయి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో సినిమా ఫంక్షన్ పెట్టినా, హీరో భద్రకాళి గుడికి దండం పెట్టుకోవడానికి వచ్చినా, ఛానల్ లోగో తొడిగిన మైకు పట్టుకుని గుంపులో నలిగేది మేమే. హీరో మైకులో చెప్పే నాలుగు మాటలు, అదే బైట్, దొరికితే పండగ, దొరక్కపోతే హీరో కారెక్కి వెళ్లిపోయే షాటే ఆ వారం హెడ్‌లైన్. అందుకని ఇలాంటి షో చూసేటప్పుడు మామూలు ప్రేక్షకుడు చూసేది నాకు కనపడదు. ఒక వార్తకూ ఇంకో వార్తకూ మధ్య యాంకర్ లింక్ ఎంతసేపు చెప్పింది, ఎక్కడ కట్ పడింది, లేని ఫుటేజ్‌ను ఎలా కప్పెట్టారు, ఇవే కనిపిస్తాయి.

ముందు ఈ షో పుట్టిన తీరు చెప్పాలి. నాకు బాగా నచ్చేది అదే.

అమెరికాలో పెద్ద నెట్‌వర్క్‌లు సాయంత్రం స్లాట్లన్నీ తామే తినేయకుండా 1970లో అక్కడి కమ్యూనికేషన్ల సంస్థ ఒక నిబంధన పెట్టింది. దాంతో పెద్ద ఊళ్లలో ప్రైమ్‌టైమ్‌కు ముందరి అరగంట, గంట స్థానిక స్టేషన్ల చేతికి వచ్చింది. చేతికైతే వచ్చింది, నింపేదేంటి? చవగ్గా తయారయ్యే గేమ్ షోలతో నింపారు. అల్ మసీని అనే ఆయన అక్కడ సందు చూశాడు. స్టేషన్ల తరఫున యాడ్స్ అమ్మే వ్యాపారం ఆయనది. ఏ ఊళ్లో ఏ టైంకు ఎవరు టీవీ ముందు కూర్చుంటారో వేళ్ల మీద లెక్క ఉన్నవాడు. హాలీవుడ్ కంపెనీ పారమౌంట్‌తో కలిసి రోజూ వచ్చే సినిమా, టీవీ, పాటల వార్తల షో తయారుచేసి ఒక్కో స్టేషన్‌కు విడివిడిగా అమ్మారు. అంటే ఇది ఏ ఒక్క ఛానల్ సొంత షో కాదు. ఒక్కో ఊళ్లో ఒక్కో ఛానల్‌లో వస్తుంది.

ఇందులో చిక్కు ఏంటంటే, అలా అమ్ముడుపోయే షోలు అప్పట్లో టేపుల మీద తిరిగేవి. ఒక స్టేషన్ వేసుకుని ఇంకో స్టేషన్‌కు పంపాలి. రీళ్ల కాలంలో హన్మకొండలో ఒక థియేటర్, వరంగల్‌లో ఒక థియేటర్ ఒకే ప్రింటు పంచుకుంటే, ఇక్కడ ఇంటర్వెల్ పడేసరికి మొదటి రీళ్ల డబ్బా స్కూటర్ మీద పెట్టుకుని కుర్రాడు అక్కడికి ఉరికేవాడే, సరిగ్గా ఆ వ్యవహారం. సినిమాకైతే అరగంట ఆలస్యంతో పోతుంది. వార్తలకు అలా కుదురుతుందా? ఈ రోజు జరిగిన సంగతి వచ్చే వారం వస్తే అది వార్త కాదు, పాత కాగితం. అందుకే వాళ్లు షోను రోజూ శాటిలైట్ ద్వారా స్టేషన్లకు పంపారు. పొద్దున తయారైంది సాయంత్రానికి దేశమంతా కనపడాలి. అప్పటికి అది కొత్త సంగతి. షోలో ఏం ఉందన్నది తర్వాత, ముందు డిష్ గెలిచింది. కేబుల్ లైన్ల కోసం స్తంభాలు ఎక్కిన ఆపరేటర్ల మధ్య తిరిగినవాణ్ని కనుక ఈ ముక్క చదివినప్పుడు నాకు కడుపు నిండింది.

మొదట్లో యాంకర్ల విషయంలో మాత్రం గందరగోళమే. ప్రారంభ జట్టు ముగ్గురు: నటుడు టామ్ హాలిక్, రాన్ హెండ్రన్, మార్జరీ వాలెస్. ఈ వాలెస్ 1973లో మిస్ వరల్డ్ గెలిచిన మొదటి అమెరికన్. ఆమె ప్రేమ వ్యవహారాల మీద పత్రికల్లో రచ్చ జరిగి, ఏడాది తిరక్కుండానే ఆ కిరీటం బాధ్యతల నుంచి తప్పించారు. పుకార్ల దెబ్బ తిన్న మనిషిని తెచ్చి సినిమా కబుర్లు చెప్పమన్నారన్నమాట. కొద్దికాలానికే ఆమె పోయి డిక్సీ వాట్లీ వచ్చింది. హాలిక్ కూడా ఎంతో కాలం లేడు. ఆ తొలి రోజుల ముక్కలు యూట్యూబ్‌లో అక్కడక్కడా దొరుకుతాయి. చూస్తే ఎవరి లైను ఎవరు అందుకోవాలో తెలియని పెళ్లి వీడియో యాంకరింగ్‌లా ఉంటాయని నేనంటే మా అసిస్టెంట్ ఒప్పుకోడు. "మరీ గంత ఘోరం లేదన్నా" అంటాడు.

1982లో మేరీ హార్ట్ వచ్చింది. అక్కడి నుంచి షో ఒక గాడిలో పడింది.

ఈమె సౌత్ డకోటా మనిషి. 1970లో ఆ రాష్ట్రపు అందాల పోటీ గెలిచింది. టీవీలోకి రాకముందు బడిలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పింది. రెజిస్ ఫిల్బిన్‌తో కలిసి ఒక షో చేస్తుంటే అది ఆగిపోయింది. షో ఎందుకు ఆగిపోయిందని అడగడానికి ఈటీవాళ్లే ఆమెను ఇంటర్వ్యూ చేశారు, మర్నాడు వాళ్లే పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ముందు రిపోర్టర్‌గా తీసుకున్నా, కొన్ని వారాల్లోనే యాంకర్ కుర్చీలో కూర్చోబెట్టారు. 2011 మే వరకు ఆమె ఆ కుర్చీ వదల్లేదు. పక్కన కూర్చున్న మగ యాంకర్లు మారుతూనే ఉన్నారు, హెండ్రన్, వెల్లర్, టెష్, గోయెన్, స్టైన్స్. ఆమె మాత్రం అక్కడే.

ఆమె పని దగ్గరగా చూడాలంటే ఎనభైల నాటి ముక్క ఏదైనా పెట్టుకుని సౌండ్ తీసేసి చూడండి. మాట మొదలవకముందే నవ్వు మొదలవుతుంది. కనుబొమ్మలు ముందు లేస్తాయి, తర్వాత పేరు వస్తుంది. ఇప్పుడు సౌండ్ పెట్టండి. వాక్యం చివర గొంతు దిగదు. మామూలుగా మనం వార్త చదివితే చివరి మాట దగ్గర గొంతు కిందికి పోతుంది, అయిపోయిందని చెవికి తెలుస్తుంది. ఈమె చివరి మాటను కొంచెం పైకే ఉంచి వదిలేస్తుంది. ఇంకేదో ఉందనిపిస్తుంది. అప్పుడు బ్రేక్ వస్తుంది. రిమోట్ మీద ఉన్న చెయ్యి ఆగుతుంది. వినడానికి చిన్న ట్రిక్కే, కానీ రోజూ, ఒకే ఉత్సాహంతో, మూడు దశాబ్దాల పాటు చేయమంటే ఎంతమంది చేస్తారు? మా ఆదివారం ప్రోగ్రామ్‌లో ఆ అమ్మాయి ఒకసారి రికార్డింగ్ మధ్యలో ఆపి అడిగింది, "అన్నా, నవ్వుకుంట చెప్పాల్నా, చెప్పినంక నవ్వాల్నా?" అని. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఈ క్లిప్పుల్లో ఉంది.

మేరీ హార్ట్ కాళ్లకు లండన్‌లోని లాయిడ్స్‌లో ఒక్కో కాలికి 10 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ చేయించారన్న కబురు అప్పట్లో బాగా తిరిగింది. పబ్లిసిటీ స్టంటే, వేరే చెప్పాలా. అంతకన్నా వింత సంగతి ఇంకొకటి ఉంది. 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు అచ్చయింది. ఒక మహిళకు టీవీలో మేరీ హార్ట్ గొంతు వినపడగానే కడుపులో తిప్పినట్టయి, తల బిగుసుకుపోయినట్టయి, ఏమీ అర్థంకాని స్థితిలోకి వెళ్లిపోయేదట. పరీక్షలు చేస్తే అది మూర్ఛలో ఒక రకమని తేలింది. ఆ కేసు రాసిన న్యూరాలజిస్టు పేరు వెంకట్ రమణి. షో చూడ్డం మానేస్తే ఆమెకు బాగైపోయిందట. మా ఆవిడకు చెప్తే "మీ యూనిట్ల పొద్దుగూకులు మోగే డీజే పాటలకు నాకు గదే అయితది" అంది.

రోజూ అదే ముఖం, అదే గొంతు, అదే టైం. హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు 1983 నుంచి తెలుగు వార్తలు చదివారు. వార్త మంచిదైనా చెడ్డదైనా ఆయన గొంతులో వింటేనే మా బాపుకు నమ్మకం. ప్రాంప్టర్ లేని రోజుల్లో కాగితం చూసి చదువుతూ కళ్లు పైకెత్తేవారు. మేరీ హార్ట్ పని వేరు, బరువు వేరు, అయినా ఇంటివాళ్లు ఆ మనిషిని లెక్కపెట్టుకునే తీరు ఒకటే. మన ఛానళ్లు ఈ విషయం ఎందుకో పట్టించుకోవు. యాంకర్ జనానికి అలవాటయ్యేసరికి మార్చేస్తారు. సినిమా వార్తల్లోనైతే ఇంకా అన్యాయం, పేరు కూడా వేయరు. ఇంకో సంగతి, మా ఛానల్ ఓనర్ మా యాంకర్ అమ్మాయిని కోస్తా యాసలో చదవమని సతాయించేవాడు. ఆమెది పరకాల దిక్కు. పెదాల మీద నవ్వు, నుదుటి మీద చెమట. తర్వాత వీ6లో తీన్మార్ వార్తలు వచ్చి సావిత్రక్క, బిత్తిరి సత్తి మన మాటలోనే మాట్లాడి రాష్ట్రమంతా నవ్వించాక ఆ ఓనర్‌కు ఏమనిపించిందో అడగాలని ఉండేది, ఈలోపు ఛానలే మూతపడింది.

మళ్లీ షోలోకి వద్దాం. జాన్ టెష్ 1986లో వచ్చాడు. ఆరున్నర అడుగుల మనిషి. అంతకుముందు స్పోర్ట్స్ రిపోర్టర్, సైకిల్ రేసుల వెంట యూరప్ అంతా తిరిగాడు. మనసంతా కీబోర్డు మీద. ఒక రాత్రి యూరప్‌లో ఉన్నప్పుడు తలలో ఒక ట్యూన్ తిరిగితే, రికార్డు చేసుకోవడానికి ఏమీ లేక, తన ఇంటి ఫోనుకే చేసి ఆన్సరింగ్ మెషిన్‌లో ఆ ట్యూన్ పాడి పెట్టాడు. అదే తర్వాత ఎన్‌బీసీ అనే అమెరికా ఛానల్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు సిగ్నేచర్ ట్యూన్ అయింది, 1990 నుంచి పన్నెండేళ్లు మోగింది. 1996లో యాంకరింగ్ వదిలేసి సంగీతంలోకే వెళ్లిపోయాడు. ఆ పదేళ్ల హార్ట్-టెష్ జంటే ఈ షోకు అసలైన ముఖం. ఇద్దరి మధ్య వేళాకోళం తక్కువ. ఒకరు చెప్తుంటే ఇంకొకరు నిజంగా వింటున్నట్టు ఉంటారు. పక్కవాళ్లు మాట్లాడేటప్పుడు వినడం కూడా యాంకర్ పనే అని మనవాళ్లకు చెప్పాలి. ఆడియో ఫంక్షన్లలో సుమ గారికి తప్ప ఇంకెవరికి అంత బాగా వచ్చని నేననుకోను.

బాబ్ గోయెన్ గేమ్ షోల నుంచి వచ్చినవాడు, 2004 వరకు ఉన్నాడు. మార్క్ స్టైన్స్ 2012 దాకా. చక్కగా చేశారు, గుర్తుండరు.

వార్తలకు రెండే మార్కులెందుకో ఇప్పుడు.

ఈ షోలో 1982 నుంచి 2010 దాకా లెనర్డ్ మాల్టిన్ అనే విమర్శకుడు ఉండేవాడు. సినిమా చరిత్రంతా నోటికి వచ్చినవాడు, సినిమాల గైడ్లు రాసినవాడు. గడ్డం, కళ్లద్దాలు, బడిపంతులు వాలకం. అంత తళుకుల మధ్య అతను ఒక్కడే సినిమా బాగుందా లేదా అన్న మాట చెప్పేవాడు. మిగతా షో అంతా సినిమా వస్తోంది, షూటింగ్ జరుగుతోంది, హీరోయిన్ ఇలా అంది, సెట్‌లోకి మేమే ముందు వెళ్లాం, ఇదే. అతను వెళ్లాక ఆ ఒక్క మాట కూడా పలచబడింది.

ఎందుకిలా అంటే, సెట్‌లోకి రానివ్వాలి కదా. రానివ్వాలంటే మంచిగా ఉండాలి. ఈ బాధ నాకు బాగా తెలుసు. మా ప్రోగ్రామ్‌లో ఒకసారి ఒక సినిమా సెకండాఫ్ సాగిందని చెప్పాం. పెద్ద విమర్శ కూడా కాదు, ఒక్క లైను. ఆ వారం ఒక థియేటర్‌వాళ్ల స్క్రోలింగ్ యాడ్ పోయింది. తర్వాత ఆ నిర్మాత ఇంకో సినిమా సక్సెస్ మీట్ హన్మకొండలో పెడితే మాకు పాస్ రాలేదు. గేటు దగ్గర పీఆర్వో నా వంక చూడకుండా "మీడియా లిస్టుల పేరు లేదు తమ్మీ" అన్నాడు. ఆ లిస్టు రాసిందే ఆయన. తర్వాత నుంచి మా ప్రోగ్రామ్‌లో అన్ని సినిమాలకూ కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రమనే మాట పడింది. ఈటీ చేసింది కూడా ఇదే, కాకపోతే ఏసీ స్టూడియోలో.

ఆ లావాదేవీ ఎక్కడ తెగుతుందో 1996లో ఒకసారి బయటపడింది. జార్జ్ క్లూనీ అప్పుడు టీవీ సీరియల్ డాక్టర్‌గా మంచి ఊపు మీద ఉన్నాడు. పారమౌంట్‌వాళ్లకే 'హార్డ్ కాపీ' అని ఇంకో షో ఉండేది, చాటుగా తీసిన ఫుటేజ్‌తో పబ్బం గడుపుకునే రకం. తన మీద స్టోరీలు చేయబోమని మాటిచ్చి తప్పారని క్లూనీకి మండింది. అతను హార్డ్ కాపీని ఏమీ చేయలేడు, దానికి అతని ఇంటర్వ్యూతో పనే లేదు. అందుకని అదే కంపెనీ షో అయిన ఎంటర్‌టైన్‌మెంట్ టునైట్‌కు ఇంటర్వ్యూలు ఇవ్వనని ఉత్తరం రాశాడు. ఇంకొందరు పెద్ద తారలు అతని వెనక నిలబడ్డారు. చివరికి పారమౌంట్ కొంత దిగివచ్చింది. ఈటీకి తారలు ఎంత ప్రాణమో, ఆ ప్రాణం ఎవరి చేతిలో ఉందో క్లూనీ కన్నా బాగా ఎవరూ చూపించలేదు.

అయితే వార్తల్లో వీళ్లు వేసిన ముద్ర ఒకటి ఉంది. సినిమా వసూళ్ల లెక్కలు అంతకుముందు ట్రేడ్ పత్రికలు కొనేవాళ్ల మధ్యనే ఉండేవి. ఏ సినిమా వారాంతంలో ఎన్ని కోట్ల డాలర్లు తెచ్చిందో, ఏ సీరియల్‌కు ఎంత రేటింగ్ వచ్చిందో ఇంట్లో అన్నం తింటున్న మనిషికి రోజువారీ కబురుగా చేసిన వాళ్లలో ఈటీ ముందుంటుంది. ఆ జబ్బు ఇప్పుడు మనకు ఎంత ముదిరిందో చెప్పక్కర్లేదు. మా దగ్గరికి వచ్చే ఇంటర్ పిల్లగాళ్లకు తమ మ్యాథ్స్ మార్కులు గుర్తుండవు, నైజాం షేర్ మాత్రం మొదటి రోజుది, మొదటి వారానిది లక్షలతో సహా చెప్తారు. మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ అన్నీ ఆ నైజాం లెక్కలోనే పడతాయి కాబట్టి అది సొంత జిల్లా పరువు సంగతి కూడా. సినిమా ఎట్లుందిరా అంటే "నూరు కోట్ల పోస్టర్ పడ్డది కాకా" అంటాడు మా తమ్ముడి కొడుకు. నేనడిగింది అది కాదని వాడికి అర్థం కాదు.

2011లో మేరీ హార్ట్ వెళ్లాక నాన్సీ ఓడెల్ వచ్చింది. పోటీ షో 'యాక్సెస్ హాలీవుడ్' నుంచి వచ్చిన మనిషి. ఆ పోటీ షో పుట్టింది 1996లో, 'ఎక్స్‌ట్రా' 1994లో. అంటే అప్పటికే మార్కెట్లో ఈ సరుకు నిండిపోయింది. ఈటీవాళ్లు తామే 2004లో 'ది ఇన్‌సైడర్' అని ఇంకోటి పెట్టి 2017లో మూసేశారు. మధ్యలో రాబ్ మార్సియానో అని వాతావరణం వార్తలు చెప్పే అతన్ని తెచ్చారు, 2013లో వచ్చి 2014లో పోయాడు. వర్షం పడుతుందని చెప్పేటప్పుడు ఉండే నమ్మకం హీరోయిన్ గౌను గురించి చెప్పేటప్పుడు అతని ముఖంలో లేదు. ఆ తర్వాత కెవిన్ ఫ్రేజియర్. ఇతను అదే షోలో రిపోర్టర్‌గా పనిచేసినవాడే, అందుకే కుదురుకున్నాడు. 2019లో ఓడెల్ వెళ్లాక 2021లో నిషెల్ టర్నర్ యాంకర్ అయింది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి మహిళ ఆమె. అప్పటికే ఆ షో రిపోర్టర్‌గా కొన్నేళ్లు మైకు పట్టుకుని తిరిగిన మనిషి. రెడ్ కార్పెట్ దగ్గర ఆమె ఇంటర్వ్యూ చూస్తే తేడా తెలుస్తుంది. ప్రశ్న అడిగాక మైకు అవతలి మనిషి దగ్గర ఉంచి ఆగుతుంది. రెండు క్షణాలు ఖాళీ వచ్చినా తొందరపడి నింపదు. ఆ ఖాళీలోనే మంచి బైట్ పడుతుంది. మన దగ్గర ప్రశ్న సగంలో ఉండగానే మైకు అటూ ఇటూ ఊగుతుంటుంది.

ఇక యూట్యూబ్‌లో దొరికే సరుకు సంగతి. నాకు దొరికేవి ముక్కలే. మేరీ హార్ట్ కాలపు ఎపిసోడ్ మొదటి నుంచి చివరి వరకు, హెడ్‌లైన్స్, బ్రేకులు, పుట్టినరోజుల సెగ్మెంట్‌తో సహా చూద్దామంటే పోగు చేసుకోవాల్సిందే. కొత్త వీడియోల్లో విషయం రెండు వాక్యాలు, దాని చుట్టూ పాత క్లిప్పుల కుట్లు. అదే షాట్ మొదట టీజర్‌గా, మధ్యలో, మళ్లీ చివర. మా అసిస్టెంట్ ఒకరోజు హెడ్‌ఫోన్ తీసి "అన్నా, గిది ఇందాక జూసిన ముక్కనే గదా, మళ్ల ఏస్తుండు?" అన్నాడు. మేం లోకల్ ఛానల్‌లో హీరో కారు షాట్ మూడుసార్లు వాడితే పేదరికం. ఇన్ని దశాబ్దాల టేపులున్న వాళ్లు వాడితే? అరమార్కు కోసింది దీనికే. వెనక మ్యూజిక్ కూడా గొంతు మీదికి ఎక్కి కూర్చుంటుంది, మిక్సింగ్‌లో ఉన్నవాడికి ప్రాణం పోయినంత పనవుతుంది.

అదే ఛానల్‌లో పాత ఫుటేజ్ వీడియోలు మాత్రం బంగారం. ఇవాళ పెద్ద స్టార్ అయినవాళ్లు ఇరవై ఏళ్ల వయసులో, ఇంకా ఎవరూ గుర్తుపట్టని రోజుల్లో, ఏం మాట్లాడాలో తెలియక తడబడుతూ ఇచ్చిన ఇంటర్వ్యూలు. ఒక నటుడు చనిపోతే వీళ్లు ఆ సాయంత్రానికే అతని మొదటి సినిమా నాటి మాటలు తీసి చూపిస్తారు. టేపులు పారేయకుండా, ఏది ఎక్కడుందో రాసిపెట్టుకుంటేనే ఇది జరుగుతుంది. మా మినీ డీవీ క్యాసెట్లు ఒక అట్టపెట్టెలో ఉండేవి. ఛానల్ మూసేటప్పుడు సగం మీద వేరే ప్రోగ్రామ్‌లు రికార్డు చేసేశారు, మిగతా సగానికి ఫంగస్ పట్టింది. 2023 మార్చి 13 పొద్దున మన చల్లగరిగ బిడ్డ చంద్రబోస్ గారు ఆస్కార్ చేతిలో పట్టుకుని వేదిక మీద నమస్తే అన్నప్పుడు ప్రతి ఛానల్‌కూ ఆయన పాత బైట్లు కావాల్సొచ్చింది. వరంగల్‌లో ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో, ఎన్ని పోయాయో ఆలోచించండి.

ఎవరు చూడాలంటే, యాంకరింగ్ నేర్చుకునేవాళ్లు తప్పకుండా. సొంతంగా యూట్యూబ్ ఛానల్ పెట్టి సినిమా కబుర్లు చెప్పే పిల్లలు ఇప్పుడు మన దగ్గర గల్లీకొకరు ఉన్నారు, వాళ్లు హార్ట్-టెష్ కాలం నాటివి వెతికి చూడాలి. ఇంగ్లిష్ వేగం అందకపోతే స్పీడు కొంచెం తగ్గించుకోండి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, పేర్లు తప్పుగా పడతాయి, పట్టించుకోకండి. సినిమాకు వెళ్లాలా వద్దా తేల్చుకోవడానికైతే ఇటు రావద్దు, థియేటర్ బయట పార్కింగ్ టోకెన్లు చింపే అబ్బాయిని అడిగితే ఇంటర్వెల్‌కు ఎంతమంది బండి తీశారో చెప్తాడు. హీరోల విడాకులు, ఇళ్ల కొనుగోళ్ల వీడియోలు వదిలేయండి. రెడ్ కార్పెట్ వీడియోల్లో టర్నర్ ఉన్నవి ఏరుకోండి. మా అసిస్టెంట్ ఇప్పటికే ఆ ఆగే పద్ధతి పట్టుకున్నాడు. మొన్న కాజీపేట పెళ్లిలో పెళ్లికొడుకు నాయనను మైకు ముందు నిలబెట్టి, ప్రశ్న అడిగి ఊరుకున్నాడు. ఆయన కాసేపు చూసి, కట్నం గురించి మొదలుపెట్టాడు. ఆ ముక్క ఎడిటింగ్‌లో తీసేయాల్సి వచ్చింది.